సీలు ఒక్కటీ మారిస్తే చాలదు

బ్రిటిష్ పాత కార్ల మీద ఇక్కడొక జోకు ఉంది: కింద నూనె చుక్క కనపడలేదంటే, లోపల నూనె అయిపోయిందని అర్థమట. అది విని నవ్వేసి, బండి కింద ఒక అట్టముక్క పరిచి ఊరుకునేవాళ్ళు చాలామంది. లెస్టర్‌లో ఉండే ఒక మిత్రుడు మాత్రం ఊరుకోలేక తన 1970 నాటి ఎమ్‌జీబీకి ముందు ఆయిల్ సీలు రెండుసార్లు మార్పించాడు. రెండుసార్లూ ఆరునెలలు తిరక్కుండానే మళ్ళీ కారింది. "ఇక అమ్మేస్తానండీ" అన్నాడు. ఆయనకి చెప్పిందే ఈసారి ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఇంజను మనకేమీ పరాయిది కాదు. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్. ఎమ్‌జీబీలో ఉన్నది 1798 సీసీ. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజనుతో మన అంబాసిడర్ ఏళ్ళ తరబడి తిరిగింది. మన ఊళ్ళో టాక్సీ స్టాండులో చూసిన నల్లటి మరకకీ, లెస్టర్ వాకిట్లో మరకకీ చుట్టరికం ఉంది.

క్రాంకు ముందు కొన దగ్గర ఒక గొలుసు క్యామ్‌షాఫ్టుని తిప్పుతుంది. దాని మీద ఉండే రేకు మూతే టైమింగ్ కవర్. ఆ మూతకున్న రంధ్రంలోంచి పుల్లీ మెడ బయటికొస్తుంది. రేకుకీ మెడకీ మధ్య నూనెని ఆపేది సీలు. తొలిరోజుల కవర్లలో అది ఫెల్టు, తర్వాతి వాటిలో రబ్బరు పెదవి. కవరు వెనక ఆయిల్ త్రోయర్ అని ఒక పళ్ళెం ఉంటుంది. పాత కవరుకి పాత పళ్ళెం, కొత్త కవరుకి కొత్త పళ్ళెమే జత. కొత్తదాని మీద "ఎఫ్" అన్న గుర్తు ఉంటుంది. ఆ ముఖం ఇంజను వైపు కాకుండా బయటికి ఉండాలి.

రేడియేటర్ విప్పి, పెద్ద నట్టు ఊడదీసి, పుల్లీ లాగి ఇంతదూరం వచ్చాక, చాలామంది కొత్త సీలు కొట్టి, కవరు బోల్టులన్నీ బిగించేసి, ఆఖర్న పుల్లీ తోస్తారు. తేడా వచ్చేది అక్కడే. బోల్టు రంధ్రాల్లో కవరు అటూ ఇటూ కొంచెం కదులుతుంది. ముందే బిగిస్తే సీలు ఒక పక్కకి నొక్కుకుని, రెండో పక్క వదులవుతుంది. బోల్టుల్ని వేళ్ళతో మాత్రమే తిప్పి వదిలేయండి. పుల్లీ మెడకి నూనె రాసి, మెల్లగా తిప్పుతూ లోపలికి తోయండి. కవరు తనంతట తాను మధ్యకి సర్దుకుంటుంది. బోల్టులు బిగించాల్సింది అప్పుడు.

రెండోది, ఆ మెడ మీద గోరు పెట్టి చూడండి. గీత తగులుతోందా? మెత్తటి రబ్బరు ఉక్కుని కోస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, పెదవిలో ఇరుక్కున్న మట్టి ఏళ్ళ తరబడి రాస్తే ఉక్కయినా అరుగుతుంది. ఆ గాడి మీద ఎంత మంచి సీలు పెట్టినా కారుతుంది. గాడి మీదికి పల్చటి ఉక్కు తొడుగు ఎక్కించాలి, లేదా పుల్లీయే మార్చాలి.

మూడోది, ఎవరూ అడగనిది: ఇంజను ఊపిరి. పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటపడేందుకు ఇంజను పక్కన, ముందరి టాపెట్ కవరు మీద బ్రీదర్ గొట్టం ఉంది, లోపల తీగ జాలీతో. ఆ జాలీ మడ్డి పట్టి మూసుకుపోతే ఏమవుతుంది? వెయిటు దగ్గర అడ్డుపడ్డ కుక్కర్‌లో ఆవిరి గాస్కెట్ పక్కనించి తన్నుకొచ్చినట్టే, నూనె సీలు పక్కనించి వస్తుంది. మా మిత్రుడి సీలు రెండుసార్లు మారింది గానీ, ఆ జాలీని ఒక్కసారీ ఎవరూ కడగలేదు.

అందుకే పానా పట్టేముందు ఇంజను ముందుభాగం శుభ్రంగా కడిగి, కొన్ని మైళ్ళు నడిపి, టార్చి వేసి చూడమన్నాను. రాకర్ కవరు దగ్గర కారిన నూనె కూడా జారి జారి కిందికే వస్తుంది. నేరం మాత్రం సీలు మీద పడుతుంది.

ఇదంతా ఎందుకంటే, 2018 మే నుంచి ఇక్కడ నలభై ఏళ్ళు దాటిన బండిని పెద్దగా మార్పులు చేయకుండా ఉంచుకుంటే ఎమ్‌ఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. డబ్బు మిగిలిందని సంతోషమే. కానీ ఏడాదికోసారి కారు కింద నిలబడి "ఇదేంటి, ఇంత కారుతోంది?" అని అడిగే మనిషి కూడా దాంతోపాటే పోయాడు. నూనె తగ్గిపోయిన ఇంజను మోటర్‌వే మీద బేరింగులు పట్టేసినప్పుడు గానీ చెప్పదు. ఇప్పుడు ఆ అడిగే పని మనదే. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి.