బోయా మూగబోతే మనకే ముప్పు!

తిరువళ్లూరు: తుపాను వస్తోందంటే తిరుత్తణి రైతు టీవీకి అతుక్కుపోతాడు. కోతకొచ్చిన వరిని ఇవాళే కోయాలా, నాలుగు రోజులు ఆగాలా? పూండి జలాశయం గేట్లు ఎత్తుతారా? ఈ ప్రశ్నలకు సగం జవాబు బంగాళాఖాతంలోనే ఉంది. అది చెప్పే బోయాలను కాపాడుకోవడంలో మాత్రం శ్రద్ధ చాలడం లేదు.

లోపలి వేడే కీలకం

తుపానుకు బలం సముద్రపు వేడి. ఉపగ్రహం నీటి పైపొరను చూస్తుందే గానీ, లోపలి వేడిని నేరుగా కొలవలేదు. ఆ పని బోయాలది. చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) 1990ల్లో నార్వే సాయంతో వీటిని మొదలుపెట్టింది. సముద్రం అడుగున బరువైన లంగరు వేసి, తాడుతో బోయాను నిలుపుతారు. తాడు బిర్రుగా ఉంటే అలల తాకిడికి తెగిపోతుంది. అందుకే లోతుకన్నా పొడుగ్గా వదులుతారు. గాలి, వాయుపీడనంతో పాటు 500 మీటర్ల లోతు దాకా వేడినీ ఉప్పదనాన్నీ ఇది కొలుస్తుంది. ఆ వివరాలు ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, వాతావరణ శాఖ వాటిని వాడుకుంటాయి.

చేపల కోసం వస్తే..

తేలే వస్తువు కింద చేపలు గుమిగూడతాయి. దాంతో దూరం వెళ్లే మరపడవలు బోయా చుట్టూ వలలేస్తున్నాయి. కొందరు పడవను దానికే కట్టేస్తున్నారు. సోలార్ పలకలు పగులుతున్నాయి, పరికరాలు ఊడిపోతున్నాయి. బాగుచేయాలంటే నౌక వెళ్లాలి. తుపాను ముంచుకొచ్చాక అది అయ్యే పని కాదు.

మునిగేది మనమే

ఒక్క బోయా ఆగినంత మాత్రాన హెచ్చరికలు ఆగవు. రాడార్లు, ఉపగ్రహాలు ఉన్నాయి. కానీ తుపాను ఇంకా బలపడుతుందా అన్న అంచనాకు ఓ ఆధారం పోతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తీరం దాటింది బాపట్ల దగ్గర. అంతకుముందే చెన్నై, తిరువళ్లూరు జిల్లాలు వానకు మునిగాయి. ఎగువన వాన పడితే నగరి, కుశస్థలి నదుల నీరు పూండికే చేరుతుంది.

కేసులు పెట్టి బెదిరిస్తే సరిపోదు. వేటకు ముందు జాలర్లు అడిగే అలల కబురుకు ఈ బోయాల కొలతలే ఆధారమవుతాయి. ఆ సంగతి పళవేర్కాడు మొదలు ప్రతి రేవులోనూ తమిళంలో, తెలుగులో చెప్పాలి. బోయా తమదని జాలరి అనుకున్న రోజే దానికి రక్షణ. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఇందుకు కలిసి కదలాలి.