మోటారు దగ్గుతోందా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మూలన పడున్న పాత మోటారు, పడవ నీళ్లలోకి దించేసరికి మొరాయిస్తుంది. తాడు లాగితే అంటుకుంటుంది. కానీ దగ్గుతూ, కుదుపుతూ నడుస్తుంది. అలలు విరిగే చోట అది ఆగిపోయిందంటే పడవ అడ్డం తిరిగి బోల్తా పడొచ్చు. అందుకే ఒడ్డునే సరిచూసుకోవాలి.

చాలామంది ‘ఇంజిను పోయింది’ అని బెంగపడతారు. చాలాసార్లు జబ్బు ఇంజినులో కాదు, దానికి అందే తిండిలో ఉంటుంది! కాబట్టి ఖర్చులేని పరీక్షలు ముందు.

పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి, మోటారు నీళ్లు పీల్చుకునే రంధ్రాలు మునిగేలా పెట్టి నడపండి. నీళ్లు లేకుండా నడిపితే లోపలి రబ్బరు పంకా కాసేపట్లోనే పాడవుతుంది. పక్కనుంచి నీటిధార రాకపోతే వెంటనే ఆపేయండి.

తర్వాత ఇంధనం. నిరుటి పెట్రోలు తీసేయండి. ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. కొత్త పెట్రోలులో ఆయిలు కంపెనీ పుస్తకంలో చెప్పినంతే కలపాలి. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది.

కొద్ది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోందా? ట్యాంకు మూతమీది గాలిమర తెరిచారో లేదో చూడండి. దగ్గుతున్నప్పుడు గొట్టం మధ్యలోని రబ్బరు బల్బును నొక్కండి. అప్పుడు కుదురుగా నడిస్తే ఇంధనం సరిగా అందడం లేదన్నమాట. గొట్టానికి పగుళ్లున్నాయా, ఫిల్టరు మూసుకుపోయిందా చూడాలి. అవి బాగుంటే పెట్రోలు పంపును అనుమానించాలి.

ఇక ప్లగ్గులు. మోటారు ఆపి, చల్లారాక విప్పండి. లేత గోధుమరంగు ఉంటే మంచిదే. నల్లగా, తడిగా ఉంటే సరిగా మండటం లేదు. తెల్లగా ఉంటే వేడెక్కుతోంది. రెండు సిలిండర్ల మోటారైతే ప్లగ్గులు అటూఇటూ మార్చి చూడండి. లోపం ప్లగ్గుతోపాటే రెండోవైపు వెళితే ప్లగ్గుదే తప్పు. అక్కడే ఉండిపోతే మెకానిక్ వైరు, కాయిల్, కార్బొరేటర్, కంప్రెషన్ చూడాలి. కార్బొరేటర్ జెట్‌లో సన్నతీగ పెట్టి పొడవద్దు. రంధ్రం పెద్దదైతే కొత్త జబ్బు తెచ్చిపెట్టుకున్నట్టే.

కిరోసిన్‌తో నడిచే మోటారైతే ఆపేముందు కాసేపు పెట్రోలుమీద నడపండి. మర్నాడు తేలిగ్గా అంటుకుంటుంది. వేట నుంచి వచ్చాక మంచినీళ్లతో నడిపితే ఉప్పు కడుక్కుపోతుంది. ట్యాంకు మూత తీసినప్పుడు బీడీ మాత్రం దూరంగా!

మోటారు కుదురుకున్నా ఒక ప్లగ్గు, స్పానరు, తెడ్లు, అందరికీ లైఫ్‌జాకెట్లు పడవలో ఉండాల్సిందే. సముద్రంలో పాతది ఎప్పుడు అలుగుతుందో చెప్పలేం. ఇంట్లోవాళ్లు బయల్దేరేముందు అడగాల్సింది కూడా ఇదే... ‘తెడ్లు పెట్టావా?’ అని.