వంటింట మిగిలిన మాటలు

మన కుటుంబముల పాతవంటలను పుస్తకముగా అచ్చొత్తించవలెనని సభ్యులు కొందరు కోరుచున్నారు. పుస్తకము వెలువడినచో వంటయు, దానితో భాషయు నిలుచునని వారి తలంపు. ఈ విషయమున మా అభిప్రాయము కొంత వేరు. మనవలెనే సొంతసీమకు దూరముగా తరతరములు గడపిన జర్మనుల కథను ఇందుకు సాక్ష్యముగా చూపుచున్నాము.

జర్మనీ నైరుతి భాగమున ష్వాబియా అను సీమ కలదు. అచ్చట గోధుమపిండిలో కోడిగ్రుడ్లు, ఉప్పు, నీరు చేర్చి చిక్కగా కలిపి, తడిపలకపై పరచి, కత్తితో సన్నని పాయలుగా మరుగునీటిలోనికి గీకుదురు. పైకి తేలినచో ఉడికినట్లే. పొడవుగా నున్నవి ష్పెట్స్‌లె. గుండ్రనివి క్నోప్‌ఫ్లె, అనగా చిన్న గుండీలు. సామాన్యుల కూడే గాని, 2012లో ఐరోపా సమాఖ్య ఈ రెండు పేర్లకును భౌగోళిక రక్షణ నొసగినది.

1804లో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండరు పిలుపుపై ఆ సీమవారును, పొరుగు సీమలవారును నల్లసముద్ర తీరమునకు వలసపోయి సేద్యము సాగించిరి. 1871లో వారి ప్రత్యేక హక్కులు రద్దు కాగా, అనేకులు అమెరికాలోని డకోటా మైదానములకు తరలిరి. రెండు మారులు ఊరు విడిచిరి గాని గుండీలను విడువలేదు. ఉత్తర డకోటాలో నేటికిని బంగాళాదుంపలు, మీగడ చేర్చిన చారులో ఈ పిండిముక్కలు వేసి ఉడికించి, 'నెఫ్లా' అని పిలుచుచున్నారు. క్రిమియా తాతారుల యొద్ద నేర్చిన వంటకము మరియొకటి కలదు: మాంసము కూరి నూనెలో వేచిన కజ్జికాయ వంటిది. దానికి 'ఫ్లైష్‌కూక్లె' అని తమ భాషలో పేరు పెట్టుకొనిరి. పొరుగువారి వంట తెచ్చుకొనుట తప్పు కాదు; మన యిండ్లలో బిసిబేళ లేదా?

భాష గతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1918లో, దక్షిణ డకోటా రక్షణ మండలి పాఠశాలలలో జర్మను బోధనను నిషేధించెను. బడిలో పోయినది ఇంటిలో కొంతకాలము నిలిచెను. పిదప పెద్దలే పిల్లలతో ఇంగ్లీషున మాట్లాడసాగిరి. నేడు నెఫ్లా త్రాగు మనుమలలో దాని అర్థము గుండీ యని ఎరిగినవారు అరుదు. చర్చి మహిళా సంఘములు అచ్చొత్తించిన వంటపుస్తకములకు అచ్చట కొదువ లేదు. అవియు ఇంగ్లీషుననే యున్నవి!

వర్తకులము గావున కొలతల విలువ మేమెరుగుదుము. అరిసెలకు పిండి యెంత, బెల్లమెంత అని పుస్తకము చెప్పగలదు. పాకపు బొట్టు నీటిలో వేసి, వ్రేళ్లతో తడిమి, "ఉండ కట్టినది, దింపవే" యని అవ్వ పలుకు పలుకును మాత్రము అచ్చువేయలేము. ఆ పలుకు మనుమనికిని వినబడవలెను. వంటిల్లు ఆడువారిదని మగపిల్లలను తరుముచున్నది మనమే గదా!

పుస్తకమునకు చందా మేమును ఇత్తుము. కాని ముందుగా ఈ సంక్రాంతికి ప్రతి యింటను పిల్లలను పొయ్యి యొద్దకు పిలిచి, తెలుగుననే పని చెప్పవలెనని కోరుచున్నాము. అచ్చు పని ఉగాది వరకు ఆగినను నష్టము లేదు.