కల్లు బందయిన మనిషిని కట్టెయ్యకండి

పాలమూరు అక్కలారా, అన్నలారా,

కల్లు బందయిన రెండో నాడో మూడో నాడో మీ ఇంట్లో మనిషికి చేతులు వణికి, కంటికి లేనివి కనిపించి, రాత్రంతా నిద్ర పట్టక తిరుగుతుంటే గాలి సోకిందనుకోకండి. మంచానికి కట్టెయ్యకండి. వెంటనే సర్కారు దవాఖానకు తీసుకపోండి.

2015 సెప్టెంబరు యాది ఉంది కదా! కల్తీ కల్లు మీద దాడులు మొదలై సీసాలో కలిపే మత్తుమందు తగ్గేసరికి మన జిల్లాలో, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో జనం దవాఖానలకు ఉరికారు. ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, ఎర్రగడ్డ మానసిక దవాఖాన దాకా పోయినవాళ్లు. వాళ్లను టీవీలో చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడుపడదు.

ఎల్లమ్మకు సాక పోసే కల్లును, గౌడన్న మోకు కట్టి చెట్టెక్కి దించిన లొట్టిని నేనేమీ అనడం లేదు. మన ఎండిన నేలలో ఉన్న ఈత, తాటి చెట్లెన్ని? వాడవాడనా అమ్ముడుపోయే సీసాలెన్ని? చెట్టు ఇయ్యలేని మత్తును అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ ఇస్తున్నాయి. అల్ప్రాజోలం, డైజిపామ్ డాక్టరు చీటీ మీద ఇయ్యాల్సిన మందులు. ఏండ్ల తరబడి రోజూ ఒంట్లోకి పోయినదాన్ని ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరైతే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వారాల తరబడి మాన్పిస్తారు.

అందుకే "మొగోడివైతే రేపటి నుంచి మానెయ్" అని పందెం కట్టకండి. దుకాణం మూయించాలని కూడబలుక్కునే మహిళా సంఘాల అక్కలూ, మీ కోపం న్యాయమైనదే, మూయించండి. అయితే ముందుగా ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి ఉంచండి. తాగేవాళ్లలో మీ తోటి ఆడవాళ్లూ ఉంటారు. నాట్లేసి, మట్టి మోసి, ఒళ్లు నొప్పులకని పొద్దూకితే ఒక సీసా తాగేవాళ్లు. సిగ్గుతో బయటికి చెప్పరు. వాళ్లను మీరే అడగాలి, మెల్లగా, నలుగురి ముందు కాకుండా.

మత్తు అలవాటు మాన్పించేందుకు 14446, మనసు బాగలేనప్పుడు 14416. రెండూ ఖర్చు లేని సర్కారు నంబర్లు. దవాఖానలో ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు తాగారో దాచకుండా చెప్పండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెట్టి కూర్చోకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, 108కి ఫోన్ చేయండి.