దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెడదాం

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. ఇచ్చినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని కాబోలు. కానీ ఆ ఆవు ఎవరింటికి చేరింది, పాలు ఎవరు తాగుతున్నారు, మేత ఎవరు వేస్తున్నారు, పేడ ఎవరు ఎత్తుతున్నారు అని అడిగే హక్కు ఎవరికీ లేదా? మల్టిపుల్ స్క్లెరోసిస్, పొట్టిగా ఎం.ఎస్., అనే జబ్బు పేరు మీద అమెరికాలో ఏటా జరిగే సైకిల్ యాత్రల గురించి ఈ ప్రశ్నలు అడగాలి. స్త్రీల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు మరీ గట్టిగా అడగాలి.

అక్కడి నేషనల్ ఎం.ఎస్. సొసైటీ ఈ యాత్రలని 1980లో మొదలుపెట్టింది. రెండు రోజుల్లో 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు తొక్కుతారు. ఒక్కొక్కరూ తెలిసినవాళ్ళ దగ్గర చందాలు పోగుచేసి సొసైటీకి ఇస్తారు. టెక్సాస్‌లో హ్యూస్టన్ నుంచి ఆస్టిన్ వరకు సాగిన యాత్ర వీటన్నిటిలో పెద్దదిగా పేరుపొందింది. ఒక దశలో 13 వేల మంది దాకా అందులో తొక్కేవారు. కంపెనీలు తమ ఉద్యోగులని జట్లుగా పంపుతాయి. జట్టుకో చొక్కా, చొక్కా నిండా కంపెనీల ముద్రలు. ఇప్పటిదాకా ఈ యాత్రల ద్వారా వంద కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి.

ఈ డబ్బు చేసిన మేలు మేలే, కాదనడం లేదు. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా వ్యక్తుల రికార్డులు పరిశీలించి, ఎప్స్టీన్-బార్ వైరస్ సోకినవాళ్ళకి ఎం.ఎస్. వచ్చే ప్రమాదం 32 రెట్లు పెరుగుతుందని 2022లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. ఈ జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకోవడంలో అదొక పెద్ద ముందడుగు. ఆ పరిశోధనకి డబ్బిచ్చినవాళ్ళలో ఈ సొసైటీ కూడా ఉంది. ఎండలో చెమటోడ్చి తొక్కిన వాళ్ళ మంచితనాన్ని శంకించాల్సిన పని లేదు. మన తగువు వాళ్ళతో కాదు. హక్కుగా రావాల్సినదాన్ని దయగా మార్చి, ఆ దయని ఒక పండగగా మార్చిన పద్ధతితో.

ముందు ఈ జబ్బు ఎవరిదో చూద్దాం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఎదురుతిరిగి మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరని దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడినట్టన్నమాట. చూపు మసకబారుతుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, అడుగు తడబడుతుంది, మూత్రం మీద అదుపు తప్పుతుంది. పడుకున్నా తీరని అలసట. ఎండ తగిలితే ఇవన్నీ మరింత ఎక్కువవుతాయి. చాలామందిలో కొన్నాళ్ళు విరుచుకుపడి కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది. ప్రపంచంలో 28 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2020లో వేసిన అంతర్జాతీయ అంచనా. వాళ్ళలో మూడింట రెండొంతులకు పైగా స్త్రీలే. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, పిల్లల్ని కనిపెంచే వయసులో.

ఈ జబ్బుని 1868లో మొదటిసారి స్పష్టంగా వర్ణించినవాడు ఫ్రెంచి వైద్యుడు షార్కో. పారిస్‌లో వేలాదిమంది పేద స్త్రీలని ఉంచిన సాల్‌పెత్రియేర్ ఆస్పత్రి ఆయన పనిచేసిన చోటు. అదే ఆస్పత్రిలో తర్వాత 'హిస్టీరియా' రోగులైన స్త్రీలని సభల్లో ప్రదర్శించి ఆయన ఇంకా పేరు గడించాడు. ఒకే కప్పు కింద ఈ రెండు పేర్లూ నడిచాయి. కాళ్ళు సరిగా పడటం లేదని వచ్చిన ఎం.ఎస్. రోగుల్ని "నీకేం జబ్బు లేదు, అంతా నీ మనసులోనే ఉంది" అని తిప్పి పంపిన చరిత్ర వైద్యశాస్త్రానికి ఉంది. స్త్రీ చెప్పే నొప్పిని నమ్మకపోవడం ఒక్క దేశానికో ఒక్క కాలానికో పరిమితమైంది కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఎం.ఎస్.ను అదుపులో ఉంచే మొదటి మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకి అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది. ఆ మొదటి తరం మందుల ఖరీదు మొదట్లో ఏడాదికి 8 నుంచి 11 వేల డాలర్లు. అవే మందులు ఏడాదికి దాదాపు 60 వేల డాలర్లకు చేరాయని 2015లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. పోటీకి కొత్త మందులు వస్తే పాతవాటి ధర తగ్గాలి కదా? ఇక్కడ పెరిగింది. 1997 నుంచి కొపాక్సోన్ అనే మందు ధరని టేవా కంపెనీ 27 సార్లు పెంచిందని 2020లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారణలో బయటపడింది. పది వేల డాలర్ల లోపున్న ఏడాది ఖర్చు దాదాపు 70 వేలయింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కొక్కరూ 400 డాలర్లు పోగుచేశారనుకోండి. ఆ 70 వేలకి 175 మంది రెండేసి రోజులు తొక్కాలి. అదంతా ఒక్క స్త్రీకి, ఒక్క ఏడాదికి, ఒక్క మందుకి! కంపెనీ ఒక్క కలం పోటుతో ధర పెంచితే వేలమంది కాళ్ళ కష్టం ఆవిరైపోతుంది. ధరల విషయంలో సొసైటీ పూర్తిగా మౌనంగా ఉందనీ కాదు. 2016లో మందులు అందుబాటు ధరలో దొరకాలని ప్రచారం మొదలుపెట్టింది. కానీ అదే సొసైటీ మందుల కంపెనీల విరాళాలూ తీసుకుంటుంది. దోచేవాడి దగ్గర చందా పుచ్చుకుంటూ దోపిడీ గురించి ఎంత గొంతెత్తగలం? ఇది ఆ ఒక్క సొసైటీ ఇరకాటం కాదు. విరాళాల మీద బతికే ప్రతి సంస్థదీ.

విరాళం ఇచ్చినవాళ్ళకి దక్కేదేమిటో కూడా చూడాలి. హ్యూస్టన్ యాత్ర పేరు ముందు చాలా ఏళ్ళు బీపీ చమురు కంపెనీ పేరు ఉండేది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ కంపెనీ చమురు బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. సముద్రం చమురుమయమైంది, చేపలు పట్టుకు బతికేవాళ్ళ నోట్లో మట్టి పడింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి జబ్బుపడ్డ స్త్రీల పేరున సాగే యాత్ర ఆ కంపెనీ పేరు మోస్తూనే ఉంది. ఎవరి మరకలు ఎవరి పేరుతో కడుగుతున్నట్టు?

ఇక ఇంట్లో సంగతి. చికిత్స అంటే మందు ఒక్కటే కాదు. లేపి కూర్చోబెట్టాలి, స్నానం చేయించాలి, వండి పెట్టాలి, పిల్లల్ని చూడాలి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ పనికి ఏ చొక్కా మీదా ముద్ర ఉండదు. నేషనల్ ఎం.ఎస్. సొసైటీ పుట్టిందే అలాంటి ఒక స్త్రీ ఆరాటం నుంచి. సిల్వియా లారీ తన సోదరుడికి వచ్చిన ఈ జబ్బు నయమైనవాళ్ళెవరైనా ఉన్నారేమోనని 1945 మే 1న 'న్యూయార్క్ టైమ్స్'లో చిన్న ప్రకటన ఇచ్చింది. నయమైనవాళ్ళు కాదు, తనలాగే వెతుకుతున్నవాళ్ళు ఆమెకి ఉత్తరాలు రాశారు. వాళ్ళందర్నీ కలుపుకుని 1946లో సంస్థని నిలబెట్టింది.

సోదరుడు జబ్బుపడితే సోదరి నిలబడింది. భార్య జబ్బుపడితే? 2009లో 'కాన్సర్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మెదడు కణితి, ఇతర కాన్సర్లు, ఎం.ఎస్. ఉన్న 515 మంది కాపురాలని పరిశీలించారు. జబ్బుపడింది భర్త అయినప్పుడు విడాకులు, ఎడబాటు 2.9 శాతం. జబ్బుపడింది భార్య అయినప్పుడు 20.8 శాతం. ఏడు రెట్లు! భార్యకి అన్నీ తానై చేసే భర్తలు లేరని కాదు. కానీ సేవ ఒకరికి పుట్టుకతో వచ్చిన ధర్మంగా, మరొకరికి చేస్తే గొప్పగా ఉన్నంతకాలం ఈ లెక్క ఇలాగే ఉంటుంది. ప్రభుత్వమైనా ఆదుకుంటుందా? 1993లో అమెరికా తెచ్చిన కుటుంబ సెలవు చట్టం ఏడాదికి 12 వారాలు సెలవిస్తుంది, జీతం మాత్రం ఇవ్వదు. పైగా యాభై మంది కన్నా తక్కువ పనివాళ్ళున్న ప్రైవేటు యజమానులకి అది వర్తించదు. రెండు రోజుల సైకిల్‌కి చప్పట్లు, ఇరవై ఏళ్ళ సేవకి జీతం లేని సెలవు!

ఈ పండగలో జబ్బు ఉన్న స్త్రీ ఎక్కడుంటుంది? ఎం.ఎస్. ఉండి కూడా సైకిల్ తొక్కేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి జేజేలు. మంచం దిగలేనివాళ్ళ వంతు మాత్రం దారి పక్కన కూర్చుని చెయ్యి ఊపడం, వేదికెక్కి కృతజ్ఞతలు చెప్పడం. ఆరోగ్యంగా ఉన్న దేహమే వీరగాథ, జబ్బుపడ్డ దేహం దానికి సందర్భం. బ్రిటన్‌లో ఎం.ఎస్. సొసైటీ ఒకప్పుడు యువ దేహాలని కాగితంలా చింపేసినట్టు చూపే నలుపు-తెలుపు పోస్టర్లతో చందాలడిగింది. మూర్ఛవ్యాధి ఉన్న ఫొటోగ్రాఫర్ డేవిడ్ హెవీ 1992లో రాసిన పుస్తకంలో ఇలాంటి బొమ్మల్ని కడిగేశాడు. మమ్మల్ని భయంగానో జాలిగానో చూపించి మా పేరున డబ్బు పోగుచేయొద్దని వికలాంగుల ఉద్యమం అప్పటికే టీవీ విరాళాల కార్యక్రమాల ముందు నినదిస్తోంది.

దీనికి పక్కన మరో యాత్రని పెట్టి చూడండి. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో వికలాంగులు తమ వీల్‌చైర్లు వదిలేసి, చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ పార్లమెంటు భవనం మెట్లెక్కారు. అందులో ఎనిమిదేళ్ళ ఆడపిల్ల కూడా ఉంది. వాళ్ళు చందా అడగలేదు, చట్టం అడిగారు. ఆ జులై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. తర్వాత ఇద్దరు వికలాంగ స్త్రీలు, లోయిస్ కర్టిస్, ఎలేన్ విల్సన్, మమ్మల్ని సంస్థల్లో బంధించి ఉంచడం వివక్ష అని అదే చట్టం కింద జార్జియా ప్రభుత్వంతో పోరాడి 1999లో సుప్రీంకోర్టులో గెలిచారు. ఆ కొన్ని మెట్లు ఇచ్చింది 150 మైళ్ళ యాత్ర ఇవ్వలేదు. విరాళం ఇచ్చేవాడికి బుద్ధి పుడితే వస్తుంది, పుట్టకపోతే ఆగుతుంది. హక్కు అలా ఆగితే కోర్టుకి లాగొచ్చు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనొచ్చు. మనకి సంబంధం ఉంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఎం.ఎస్. మందులు మూడింటిని మొదటిసారి చేర్చింది. వాటిలో గ్లాటిరమెర్ ఒకటి, కొపాక్సోన్‌లో ఉన్న మందు అదే. దాని జెనరిక్‌ని మైలాన్ కంపెనీతో కలిసి 2017లో అమెరికా మార్కెట్‌కి పంపింది హైదరాబాదుకు చెందిన నాట్కో. మరొకటి రిటుక్సిమాబ్. దాని మొదటి బయోసిమిలర్‌ని 2007లో విడుదల చేసింది డాక్టర్ రెడ్డీస్, అదీ హైదరాబాదుదే. ఈ కంపెనీలున్న రాష్ట్రంలో ఎం.ఎస్. వచ్చిన కూలి ఇంటి ఆడపిల్లకి ఈ మందు ఏ ప్రభుత్వాస్పత్రిలో, ఎవరి ఖర్చుతో అందుతుంది? ఆ ప్రశ్న అడగాల్సింది మనమే.

చట్టమూ మన చేతిలో ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఎం.ఎస్. లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకి సంరక్షకుల భత్యం ఇవ్వాలని అందులోని 24వ సెక్షన్ చెబుతోంది. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మెలిక కూడా అక్కడే పెట్టారు. 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే తప్ప చాలా సౌకర్యాలు రావు. బోర్డు ముందు నడిచి నిలబడ్డ స్త్రీ మర్నాడు మంచం దిగలేకపోవచ్చు. వచ్చి పోయే జబ్బుని ఒక్క రోజు కొలతతో తేల్చడం అన్యాయం.

ఇంకో సంగతి, ఇది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు మనసుకి పట్టించుకోవాలి. 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సి వస్తోంది. ఏదో ఒక మంచి పని పేరు మీద పరుగులు, సైకిల్ యాత్రలు మన నగరాల్లోనూ పెరిగాయి. ఫొటో బాగా వచ్చే పనికి డబ్బు తేలిగ్గా దొరుకుతుంది. మంచం పక్కన చేసే పనికి ఫొటో రాదు.

అందుకని, ఎవరైనా మీ సంస్థని అలాంటి యాత్రలో కలవమంటే వెంటనే కాదనకండి, అవుననకండి. ఆ జబ్బు ఉన్న స్త్రీలు నిర్ణయాలు చేసే కమిటీలో ఉన్నారా అని అడగండి. పోగయిన ప్రతి రూపాయిలో పరిశోధనకి ఎంత, ఇంటి సంరక్షణకి ఎంత, చొక్కాలకి, పందిళ్ళకి ఎంత అని లెక్క చెప్పమనండి. మందు ధర మీద, సంరక్షకుల భత్యం మీద, సర్టిఫికెట్ల మీద ప్రభుత్వాన్ని నిలదీసే కాగితం మీద ఆ యాత్ర నిర్వాహకులు సంతకం చేస్తారా అని అడగండి. చేస్తామంటే వాళ్ళతో కలిసి తొక్కుదాం. చేయమంటే, ఆ రెండు రోజులూ కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ప్రభుత్వం పెడుతుందా?