అద్దె రాబడికి భీమారక్ష

మన పట్టణములలో అద్దె రాబడియే ఆధారముగ జీవించు కుటుంబము లనేకములు గలవు. ఉద్యోగవిరమణానంతరము చేతికందిన పైకముతో మేడపై రెండు వాటాలు కట్టించుకొన్నవారును, పొలమమ్మి బజారువీధిలో నాలుగంగళ్ళ వరుస వేసికొన్నవారును, భర్త మరణానంతరము ఇంటి ముందుభాగమును అద్దెకిచ్చి వెనుకభాగమున కాపురముండు స్త్రీలును ఈ తెగలోనివారే. ఇంటియజమానులు గనుక వీరెల్లరును ధనికులని లోకము తలచును. కాని నెల మొదటివారమున అద్దె రానిచో వీరిలో పెక్కుమందికి పచారీకొట్టు బాకీ తీరదు. పిల్లవాని కాలేజీ జీతము చెల్లదు. ఇల్లు కట్టి చూడుమని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని అద్దెకిచ్చి చూడుమనియు చేర్చియున్న బాగుగ నుండెడిది!

ఇట్టివారిలో కొందరు బ్యాంకువారి యొత్తిడివలననైనను గోడలకు భీమా చేయింతురు. ఆ గోడలవలన వచ్చు రాబడికిని భీమా గలదను సంగతి నెరిగినవారు స్వల్పము. ఎరిగినవారిలోను దాని హద్దుల నెరిగినవారు మరింత స్వల్పము. తెలియనివాడు రక్షణను కోల్పోవును. సగము తెలిసినవాడు లేని రక్షణను నమ్మి మోసపోవును.

భీమావ్యాపార నియంత్రణసంస్థ ఆదేశానుసారము 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహరక్ష’ అను పాలసీ దేశమంతట నొక్కతీరుగ అమలునందున్నది. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద, అల్లరులు మొదలగువానివలన ఇంటికి కలుగు నష్టమును ఇది భర్తీచేయును. అంతియ గాదు. అట్టి యాపదవలన ఇల్లు కాపురమునకు తగకుండపోయినచో, మరమ్మతునకు న్యాయముగ పట్టుకాలమునందు యజమాని కోల్పోవు అద్దెను సైతము, 3 సంవత్సరములకు మించకుండ, చెల్లించును. ఉదాహరణకు, నెలకు 10,000 రూపాయల చొప్పున వచ్చు రెండు వాటాలు వరదలో పాడై ఆరునెలలు ఖాళీగ నుండెననుకొందము. మరమ్మతు ఖర్చు గాక అద్దె నష్టమే 1,20,000 రూపాయలగును. మరమ్మతునకు అప్పు తేవలసిన దినములలోనే రాబడియు నిలిచిపోవుట యజమానికి రెండువైపుల దెబ్బ. అంగళ్ళు, గిడ్డంగుల విషయమున నీ యద్దెరక్షణను ప్రత్యేకముగ కోరి పాలసీలో వ్రాయించుకొనవలసియుండును.

ఈ యాపదలు మనకు దూరమైనవి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చిన్నాభిన్న మొనర్చెను. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు దినములతరబడి నీట మునిగినవి. క్రిందివాటాలలో నివసించువారు కట్టుబట్టలతో వెడలిపోయిరి. వారి దుఃఖము అందరి కంటను బడినది. ఆ వాటాల యద్దెపై బ్రతుకువారి యిక్కట్టు మాత్ర మెవరి లెక్కకును ఎక్కలేదు.

ఇక హద్దుల సంగతి. ఈ భీమా ఇల్లు చెడినపుడు ఆదుకొనునే గాని, అద్దెకున్నవాడు చెల్లింపకపోయినపుడు ఆదుకొనదు. గోడ కూలవలెను, లేదా కాలవలెను, లేదా మునుగవలెను. వాటా ఖాళీగ నున్నను, బాకీపడినవాడు తాళము వేసికొని పోయినను కంపెనీకి సంబంధము లేదు. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు ఈ భేదము స్పష్టమైనది. కార్మికులనుండి ఒక నెలవరకు అద్దె నడుగరాదని కేంద్రప్రభుత్వము ఆ సంవత్సరము మార్చి 29న ఉత్తరువు చేసెను. అంగళ్ళు మూతపడెను, అద్దెలు నిలిచెను. కాని గోడలు చెక్కుచెదరలేదు గనుక సాధారణ గృహభీమాలో వానికి పరిహారమునకు తావే లేదు.

చెల్లింపబడని యద్దెకు భీమా యుండదా? ఇంగ్లండులో గలదు. అద్దెకు వచ్చువాని యార్జనను, పూర్వచరిత్రను ముందుగ విచారించిన యజమానికే అచటి కంపెనీలు ఆ పాలసీ నిచ్చును; బాకీ పడినపుడు కొన్ని నెలల అద్దెను, వ్యాజ్యపు ఖర్చులను భరించును. ఫ్రాన్సుదేశపు మార్గము వేరు. ఉద్యోగములిచ్చు సంస్థల చందాలతో నడచు ‘ఆక్సియోఁ లోజ్‌మాఁ’ అను సంస్థ 2016లో ‘విజాల్’ అను పేర జామీను నేర్పరచెను. అద్దెకున్నవాడు తప్పినచో ఆ సంస్థయే యజమానికి 36 నెలలవరకు చెల్లించి, పిదప బాకీదారునుండి క్రమముగ రాబట్టుకొనును. దీనికై యజమానియు, అద్దెకుండువాడును పైసయైన నీయనక్కరలేదు.

మన దేశమున ఈ పనిని అడ్వాన్సు చేయుచున్నది. బెంగుళూరునందు పదినెలల యద్దెను ముందుగ గైకొను ఆచారము ప్రసిద్ధమే. యజమాని దురాశయే దీనికి మూలమనుట సగము సత్యము. బాకీపడినవానిని ఖాళీచేయించుటకు న్యాయస్థానముచుట్టు ఏండ్లతరబడి తిరుగవలసివచ్చునను భయమే తక్కిన సగము. ఈ భయపు బరువును మోయుచున్న దెవరు? ఎన్నడును బాకీపడని విద్యార్థి, క్రొత్తగ కొలువున చేరిన యువకుడు, చిరుద్యోగి. 2021నాటి నమూనా అద్దెచట్టము కాపురపుటిండ్లకు అడ్వాన్సు రెండునెలల యద్దెకు మించరాదనినది. మాట మంచిదే. కాని భయమును తొలగింపక అడ్వాన్సును మాత్రము తగ్గింపుమనిన, యజమాని దానిని వేరొక పేర వసూలుచేయును. ప్రభుత్వరంగ భీమాకంపెనీలు అద్దెకుండువాని పేర స్వల్పరుసుముపై జామీనునిచ్చి, ఆ జామీనున్నచోట అడ్వాన్సు ఒక్కనెలకు మించరాదని శాసనమే నిర్ణయించినచో ఇరుపక్షములకును మేలు. అప్పుడు మొండిబాకీదారులు పెరుగుదురని కొందరు శంకింతురు. కంపెనీ చెల్లించినంతమాత్రమున బాకీ మాసిపోదు. అడుగువాడు మాత్రమే మారును. ఒంటరి వృద్ధురాలికంటె కంపెనీ గట్టిగనే అడుగగలదు.

యజమానుల కర్తవ్యమును గూడ చెప్పక తప్పదు. ఏడాదికి మించిన కౌలుపత్రము రిజిస్టరు కావలెనని 1908నాటి చట్టము విధించుటచేత పదునొకండు నెలల పత్రములు వాడుకలోనికి వచ్చినవి. పెక్కిండ్లలో ఆ పత్రమైనను లేదు, అంతయు నోటిమాట. రసీదు లేదు, బ్యాంకు లెక్క లేదు. ఆదాయపుపన్ను అధికారికి చూపని యద్దెను భీమాకంపెనీకి చూపుట యెట్లు? దాచిన రాబడికి రక్షణ యుండదు.

డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో బందరునందు ఆంధ్రా ఇన్షూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. ఒకనికి వచ్చిన యాపదను పదుగురు పంచుకొనుటయే భీమా. ఆ ధర్మమును మనవా రెరుగనివారు కారు. కావున గృహయజమానులు నేడే తమ పాలసీని తీసి, అందు అద్దెనష్టమునకు వ్రాసిన మొత్తమెంతయో చూచుకొనవలెను. లేనిచో వరుస ఋతుపవనమునకు ముందే వ్రాయించుకొనవలెను. బాకీల జామీను విషయమున ప్రభుత్వమును కదలించు పని మాత్రము ఒక్కరివలన కాదు. అందులకు యజమానులును, అద్దెకున్నవారును ఒక్కకంఠముతో అడుగవలసియున్నది. ఈ విషయమున వారి ప్రయోజనము లొక్కటియేయని మేము నిశ్చయముగ చెప్పగలము.