చందా కట్టాలా, మానాలా?

మొన్న ఒక విశ్వవిద్యాలయపు గ్రంథాలయ సంఘంలో సభ్యుడైన మిత్రుడు నాకొక చిక్కు ప్రశ్న వేశాడు. రసాయనశాస్త్రంలో ఖరీదైన ఒక ఆకరగ్రంథానికి చందా కట్టాలా, మానాలా? కడితే తక్కిన శాఖల పుస్తకాలకు మిగిలేది స్వల్పం. మానితే పరిశోధక విద్యార్థులు పొరుగు సంస్థలను ఆశ్రయించాలి.

"వాడేవారెందరు?" అని సంఘంలో అందరూ అడిగారట. న్యాయమైన ప్రశ్నే గాని, చాలదు. ఆకరగ్రంథాన్ని ఎవరూ ఆమూలాగ్రంగా చదవరు. ఏడాదికొకమారు తెరిచినా, అందులోని ఒక్క పంక్తి నెలల ప్రయోగశ్రమను తప్పించవచ్చు.

నేనడిగే ప్రశ్న వేరు. చందా ఆపిన మరునాడు మన వద్ద ఏమి మిగులుతుంది?

కర్బన రసాయనాలకు పేరెన్నిక గన్న బైల్‌స్టైన్ సంగ్రహాన్నే చూడండి. 1881లో మొదలైన తొలి కూర్పు రెండే సంపుటాలు. తరువాత అనుబంధాలు పెరిగి పెరిగి బీరువాలను ఆక్రమించాయి. చిరకాలం జర్మన్ భాషలోనే వెలువడి, 1980లలో ఇంగ్లీషుకు మారి, 1998లో అచ్చు ఆగిపోయింది. 1907లో ఆరంభమైన కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అచ్చుప్రతికీ 2010లో అదే గతి పట్టింది. ఇప్పుడు ఆ రెండింటి సమాచారమూ కంప్యూటరు తెరమీదనే.

అచ్చు రోజులలో ఒక ఏడు డబ్బు చాలక చందా ఆపితే, ఆ ఏటి సంపుటాలు మాత్రమే రావు; పాతవి అరలో పదిలంగా ఉంటాయి. నేడు చందా ఆగితే తలుపే మూసుకుపోవచ్చు. ఇరవై ఏళ్లు కట్టిన సొమ్ముకు అద్దె రశీదులే మిగులుతాయి.

తెరమీది సౌకర్యాన్ని నేను కాదనను. అణునిర్మాణాన్ని గీసి వెతకడం అచ్చు పుస్తకంలో సాధ్యమా? ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి 2025 నుండి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. సంతోషమే. కాని అది పరిశోధన పత్రికల కోసం తలపెట్టినది. పైగా అదీ చందాయే, గడువున్నదే.

అందుచేత మిత్రునికి నేను చెప్పినది ఇది. చందా కట్టండి. కాని డబ్బు చెల్లించిన సంవత్సరాల సమాచారం శాశ్వతంగా మనకు దక్కాలని ఒప్పందంలో రాయించండి. ప్రచురణకర్త ఒప్పుకోకపోతే, పొరుగు విశ్వవిద్యాలయాలతో కలిసి బేరమాడండి. చోటు చాలదని పాత సంపుటాలను మాత్రం తూకానికి అమ్మవద్దు. నూరేళ్ల క్రితం జాగ్రత్తగా కొలిచిన ద్రవీభవన స్థానం ఈనాటికీ పనికివస్తుంది.

మీరేమంటారు?